ఊహా సమ్మతి (అవయవదానం)

బతికుండగా వద్దని నమోదు చేయించుకోని ప్రతి ఒక్కరూ చనిపోయాక అవయవదానానికి ఒప్పుకున్నట్టే లెక్కగట్టే చట్టపద్ధతి ఊహా సమ్మతి. స్పెయిన్ 1979లో, సింగపూర్ 1987లో ఇలాంటి చట్టాలు చేసుకున్నాయి. వేల్స్‌లో 2015 నుంచి, ఇంగ్లండ్‌లో 2020 నుంచి ఈ పద్ధతి అమల్లో ఉంది. భారత్‌ది దీనికి ఎదురు దారి. 1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టం కింద మనిషి ముందే రాసిస్తేనో, దగ్గరి బంధువు సంతకం చేస్తేనో తప్ప మామూలుగా అవయవాలు తీయరు. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చేసుకున్న సొంత చట్టానిదీ ఇదే సూత్రం. 2023లో దేశమంతటా మరణానంతర దాతలు 1,099 మంది. అంటే పది లక్షల జనాభాకు ఒక్కరు కూడా లేరు. అదే ఏడాది స్పెయిన్‌లో పది లక్షలకు 48.9 మంది. ఈ తేడా చూపించి మన దగ్గరా చట్టాన్ని తిరగేయాలనే వాదన వినిపిస్తోంది. అందులోని ఆవేదన న్యాయమైనదే గానీ, సూచించే మందు సరైనది కాదు. మౌనాన్ని సమ్మతిగా తీసుకోవాలంటే ఆ మనిషికి సంగతి తెలిసి ఉండాలి, కాదనే దారి చేతికి అందాలి, ఇచ్చేవాడికి పుచ్చుకునే అవకాశమూ ఉండాలి. ఈ మూడూ లేనిచోట జరిగేది దానం పేరిట వసూలు.

విదేశాల అనుభవం

ఊహా సమ్మతిని సమర్థించేవారు ఎక్కువగా చూపేది 2003లో జాన్సన్, గోల్డ్‌స్టీన్ ప్రచురించిన అధ్యయనాన్ని. ఊహా సమ్మతి ఉన్న ఆస్ట్రియాలో దాదాపు అందరూ దాతల లెక్కలోకి వస్తే, అడిగి రాయించుకునే జర్మనీలో 12 శాతమే వచ్చారు. అయితే అది కాగితం మీది సమ్మతి లెక్క; నిజంగా ఎన్ని అవయవాలు అందాయన్నది వేరే సంగతి. స్పెయిన్ కథే దీనికి సాక్ష్యం. చట్టం వచ్చిన పదేళ్లకు, 1989లో కూడా అక్కడ పది లక్షలకు 14 మంది దాతలే. ఆ ఏడాది రాఫెల్ మతెసాంజ్ నాయకత్వంలో జాతీయ మార్పిడి సంస్థ ఏర్పడి, ఆస్పత్రుల్లో శిక్షణ పొందిన వైద్యులను సమన్వయకర్తలుగా పెట్టాకే సంఖ్య ఎక్కింది. అక్కడ నేటికీ కుటుంబాన్ని అడగనిదే ముందుకు వెళ్లరు. వేల్స్‌లో కొన్నేళ్లకు కుటుంబాల అంగీకారం పెరిగిన మాట నిజమే. ఇంగ్లండ్‌లో అలా జరగలేదు. బ్రెజిల్ అయితే 1997లో చట్టం తెచ్చి, డాక్టర్లు తొందరపడి చంపేస్తారన్న భయం జనంలో పాకడంతో మరుసటి ఏడే వెనక్కి తీసుకుంది. మొత్తంమీద దానాన్ని పెంచేవి అడిగే మనుషులు, అడిగే తీరు, ఆస్పత్రి మీద నమ్మకం. వీటికి తోడైనప్పుడే చట్టంలోని మౌనం ఏ కాస్తో పనికొస్తుంది.

సబ్బవరం నుంచి చూస్తే

అనకాపల్లి–ఆనందపురం ఆరు వరసల రహదారి విశాఖ దగ్గరి సబ్బవరం మీదుగా పోతుంది. ఇలాంటి రోడ్లమీద తలకు దెబ్బతగిలి విశాఖ ఆస్పత్రులకు చేరేవారిలో కొందరు జీవన్మృతులు (బ్రెయిన్ డెడ్) అవుతారు. అది తేల్చడానికి నలుగురు వైద్యుల బృందం కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. వెంటిలేటర్ తీసి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు పెరుగుతున్నా ఛాతీ కదలడం లేదని కళ్లారా చూసి రాయాలి. పరీక్ష అయ్యాక వెంటిలేటర్ మళ్లీ పెడితే ఛాతీ మళ్లీ లేచి పడుతుంది. చెయ్యి పట్టుకున్న తల్లికి వెచ్చగానే తగులుతుంది. ఆ వేళ చట్టం ఇప్పటికే మీ తరఫున ఒప్పేసుకుందని చెప్పడం ఎంత కఠినమో, ఎంత అనుమానం రేపుతుందో ఊహించవచ్చు. కుటుంబాన్ని ఎలాగూ అడుగుతాం కదా అంటారా, అడిగేటప్పుడు ఊహా సమ్మతితో పనేముంది? అడగబోమంటే కర్మకాండ చేయాల్సినవారిని పక్కకు నెట్టడమే.

చనిపోయినవాడికి నష్టమేముంది, డయాలసిస్ మీద ఎదురుచూసేవాడికి ప్రాణమే పోతుంది కదా అన్నది బలమైన అభ్యంతరం. దాన్ని కాదనలేం. కాకపోతే ఆ బరువు ఎవరి మీద పడుతుందో కూడా చూడాలి. వద్దని నమోదు చేయించుకోగలిగేది చదువు, తీరిక ఉన్నవారు. పరవాడ ఫార్మా సిటీకి ఒడిశా నుంచో బిహార్ నుంచో పనికొచ్చిన కార్మికుడికి ఆ చట్టం ఉన్న సంగతే తెలియదు. మన చట్టంలో ఇప్పటికే ఈ పోకడ ఒకటుంది: ఆస్పత్రిలోనో జైల్లోనో చనిపోయినవారి కోసం 48 గంటల్లో బంధువులెవరూ రాకపోతే, అవయవాల సేకరణకు అక్కడి అధికారి అనుమతించవచ్చు. అంతసేపయ్యాక గుండె, కిడ్నీ ఎలాగూ పనికిరావు. అయినా నా అన్నవాళ్లు లేనివారి మౌనాన్నే చట్టం ముందుగా సమ్మతిగా తీసుకుందని ఈ నిబంధన చెబుతోంది. మరోవైపు మార్పిడి అయ్యాక మందులు జీవితాంతం వాడాలి. ఆ ఖర్చు భరించలేనివారు దాతలుగానే మిగిలిపోతారు. 2019లో విశాఖలో, 2023లో పెందుర్తిలో కిడ్నీ రాకెట్ల మీద పోలీసు కేసులు నడిచాయి. అవి బతికున్నవారి కిడ్నీల వ్యవహారాలే అయినా, ఆస్పత్రి అంటే ఉండే భయానికి ఆ తేడా పట్టదు.

మూడో దారి

చేయగలిగినవి చట్టం తిరగేయకుండానే చాలా ఉన్నాయి. ఐసీయూలో జీవన్మృతుడి కుటుంబానికి దానం సంగతి తెలియజేయడం కేంద్ర చట్టానికి వచ్చిన 2011 సవరణతో వైద్యుల బాధ్యత అయింది. సమన్వయకర్త ఉండాలన్నదీ అందులోదే. ఈ నిబంధన ప్రతి పెద్ద ఆస్పత్రిలో నిజంగా అమలు కావాలి. డ్రైవింగ్ లైసెన్సు దరఖాస్తులో అవయవదానం ప్రశ్న ఇప్పటికే ఉంది. అవును, కాదు, ఇంట్లోవాళ్లు నిర్ణయిస్తారు అన్న మూడింటిలో ఒకటి తప్పక ఎంచుకునేలా చేసి, ఆ జవాబును రాష్ట్ర అవయవదాన పథకం జీవన్‌దాన్‌కు కలపవచ్చు. అప్పుడు రోడ్డెక్కేవాడి మాట అతని నోటినుంచే వస్తుంది, కుటుంబం మీద భారమూ తగ్గుతుంది. ఊహా సమ్మతి ఎప్పటికీ తప్పని కాదు. వద్దనడం గ్రామ సచివాలయంలో ఒక్క సంతకంతో తేలిపోయి, సబ్బవరం కూలీకి గుండె కావాల్సివచ్చినా వరసలో చోటు, మందులకు డబ్బు దొరికేనాడు ఆ చట్టం గురించి మళ్లీ ఆలోచించవచ్చు.