చిన్న రైఫిలు – దాని పుట్టుమచ్చలు



నేడు నేను చెప్పబోవునది ఒక చిన్న రైఫిలును గూర్చి. దానిని పాయింటు 22 రైఫిలని వ్యవహరింతురు. అంగుళమును 100 భాగములు చేసినచో, అందు 22 భాగముల వెడల్పు గల సన్నని గొట్టము దానిది. మన దేశమున 1948లో ఏర్పడిన ఎన్.సి.సి. దళములలో విద్యార్థులకు గురి నేర్పినది ఈ జాతి తుపాకియే. నేనును ఆ దళమున నుండగా నేలపై బోరగిలబడి దీనితోనే మొదట గురి చూచితిని. కావున చాల యేండ్లకు పిమ్మట, నేను సభ్యుడనుగా నున్న గురికాండ్ర సంఘమువారు తమ లైసెన్సు క్రింద నున్న యొక పాత మార్టినీ రైఫిలును బాగుచేయు పని నాకు అప్పగింపగా మిక్కిలి సంతసించితిని. ఆ సంతోషములో నేను చేసిన తప్పే యీ ప్రసంగమునకు కారణము.

ఆ రైఫిలు పైనంతయు గోధుమవన్నె తుప్పు పట్టి యుండెను. నేను రెండు దినములు ఉప్పు కాగితముతో రుద్దితిని. ఉక్కు వెండివలె మెరసెను. లైసెన్సు గల తుపాకి పనివాడొకడు, వయసు మళ్లినవాడు, దానిని చేతబట్టి వెలుతురునకు త్రిప్పి చూచి, “బాబూ, దీని పుట్టుమచ్చలు ఏవి?” అని యడిగెను. అప్పుడుగాని నా బుద్ధికి తట్టలేదు. గొట్టముపై నుండిన చిన్న ముద్రలు రెండును నా చేతి రాపిడిలో అరిగిపోయినవి.

ఆ ముద్రలు అలంకారమునకు వేసినవి కావు. ఇంగ్లాండులోని బర్మింగుహామునందు 1813లో శాసనముచే ఒక పరీక్షాగృహము ఏర్పడినది. తుపాకిని అమ్మకమునకు ముందు అక్కడ ఎక్కువ మందుతో పేల్చి, గొట్టము పగులకున్న యెడల ముద్ర వేయుదురు. ఆ ముద్రల రూపము కాలమును బట్టి మారుచు వచ్చినది. కావున తెలిసినవాడు వానిని చూచి తుపాకి యే కాలముదో చెప్పగలడు. నేను చెరిపినది తుప్పును మాత్రమే కాదు. ఆ వస్తువు జాతకమును.

ఇక ఆ జాతకము ఎట్టిదో వినుడు. పారిసు నగరమున ఫ్లోబెర్ అనువాడు 1845లో ఇంటిలోపల గురి చూచి కాల్చుటకు తగిన అతిచిన్న తూటాను కల్పించెను. అమెరికాలో స్మిత్, వెసన్ అను భాగస్వాములు 1857లో పాయింటు 22 తూటాను తెచ్చిరి. నేటికిని వాడుకలో నున్న ‘లాంగ్ రైఫిల్’ తూటా 1887లో స్టీవెన్సు కంపెనీవలన వచ్చినది. ఈ తూటాలకు అడుగు అంచులోనే నిప్పు పుట్టించు మందు ఉండును. ఆ అంచుపై సూది కొట్టగానే తూటా పేలును.

మార్టినీ యంత్రము కథ వేరు. బోస్టను నగరపు పీబాడీ 1862లో కల్పించిన యంత్రమును స్విట్జర్లాండులో మార్టినీ అను ఇంజనీరు సవరించెను. క్రింది మీటను వంచగా లోపలి ఉక్కు దిమ్మె ముందువైపు దిగును; తూటా పెట్టి మీటను పైకి లాగిన మూసికొనును. బ్రిటిషు సైన్యము 1871లో దీనిని స్వీకరించెను. 1888లో పలు తూటాలు పట్టు కొత్త రైఫిలు వచ్చిన పిదప మార్టినీలు వెనుకబడెను. అయినను ఆ యంత్రము గట్టిది, సరళమైనది. కావున బర్మింగుహాము పనివాండ్రు దానికే సన్నని గొట్టములు తొడిగి గురి నేర్చుకొను రైఫిలులు చేసిరి.

వానికి గిరాకి యెట్లు కలిగెను? దక్షిణాఫ్రికాలో 1899 మొదలు 1902 వరకు జరిగిన యుద్ధమున బోయరు రైతుల గురి బ్రిటిషువారిని కలవరపరచెను. తమ కూలివాండ్రును, గుమాస్తాలును తుపాకి పట్టుట నేర్వవలెనని ఇంగ్లాండున ఉద్యమము లేచెను. 1901లో శ్రామికుల రైఫిలు సంఘముల సమాజము ఏర్పడెను. ఆ యుద్ధమున 1900లో సేనలను నడపిన లార్డు రాబర్ట్సు దీనికి పెద్దదిక్కయ్యెను.

ఈ రాబర్ట్సు మనకు క్రొత్తవాడు కాడు. 1881 నుండి 1885 వరకు మద్రాసు సైన్యమునకు సేనాధిపతిగా నుండినవాడు. తెలుగువారును, తమిళులును గల మద్రాసు సిపాయిలలో పూర్వపు యుద్ధశక్తి చల్లారినదని తలచి, ఉత్తరదేశపు జాతులనే సైన్యమున హెచ్చుగా చేర్చవలెనని వాదించినవాడు. అంతకు మున్నే, 1878లో ఆయుధముల చట్టము వచ్చి, భారతీయుడు లైసెన్సు లేక తుపాకి ఉంచుకొనరాదనెను. యూరోపియనులకు మాత్రము మినహాయింపు నిచ్చిరి. ఒకే ప్రభుత్వము తన దేశపు కూలివానికి తుపాకి నేర్పుచు, మన దేశపు రైతుకు దానిని దూరము చేసెను. మద్రాసు రెజిమెంటు 1941లో తిరిగి యేర్పడి బర్మా రణరంగమున పోరాడినది. రాబర్ట్సు మాటకు అదియే ప్రత్యుత్తరము. ఇంత చరిత్రకు సాక్షియైన జాతి తుపాకి ముఖమును నేను ఉప్పు కాగితముతో గీకితిని!

ఇక గొట్టపు లోపలి సంగతి. ఆ వృద్ధుడు గొట్టమున వెలుతురు పోనిచ్చి చూపగా, లోపలి మెలిక గాళ్లలో మశూచి మచ్చలవంటి గుంటలు కనబడెను. “ఇది కాల్చినందువలన కలిగినది కాదు, కాల్చి తుడువనందువలన కలిగినది” అనెను. పాత తూటాల నిప్పుమందులో పొటాసియం క్లోరేటు ఉండెడిది. అది కాలిన పిమ్మట పొటాసియం క్లోరైడు మిగులును. అది మన కూరలలోని యుప్పుకు దాయాది. ముసురు పట్టిన దినములలో ఉప్పు జాడి చెమ్మగిల్లుట మీ రెరుగుదురు గదా. గొట్టములోని యీ యుప్పును అట్లే గాలిలోని తేమను పీల్చి ఉక్కును తినివేయును. నూనె రాచిన పోదు. ఉప్పు నూనెలో కరగదు, నీటిలోనే కరగును. అందుచేత నాటివారు మరుగునీటితో గొట్టమును కడిగి, వేడిమీదనే ఆరబెట్టి, తరువాతనే నూనె రాచెడివారు. 1920 తరువాతి పదేండ్లలో తుప్పు పట్టింపని మందులు జర్మనీలోను, అమెరికాలోను వచ్చినవి. అంతకు ముందరి రైఫిలులలో గుంటలు లేని గొట్టము దొరకుట అరుదు.

కావున పాత రైఫిలును బాగుచేయువాడు చేయవలసిన పనులు కొన్ని కలవు. మొదట తూటా లేదని కంటితో చూచి, వ్రేలితో తడిమి నిశ్చయించుకొనవలెను. తుప్పుపై పలుచని నూనె రాచి రెండు మూడు దినములు నాననిచ్చి, మెత్తని గుడ్డతో తుడువవలెను. బిగిసిన మరలకు కాడకు సరిపడు స్క్రూడ్రైవరునే వాడవలెను. లేనిచో మర తల చెడును. కర్రభాగమునకు అవిసెనూనెను పలుచగా అరచేతితో రుద్దవలెను. గొట్టమును తుడుచు కడ్డీని మూతి అంచునకు ఒరయనీయరాదు. అంచు అరిగిన గుండు దారి తప్పును. తోలు సంచిలో దాచరాదు. తోలు తేమను పట్టును. తనిఖీ చేయింపక ఒక్క తూటాయైనను పేల్చరాదు.

మీ యిండ్లలో తాతల నాటి లైసెన్సు తుపాకులు ఉండవచ్చును. లైసెన్సు గలవాడు గతించిన పిమ్మట దానిని అటకపై దాచుట 1959 చట్టమునుబట్టి నేరము. పోలీసు ఠాణాలోగాని, లైసెన్సు గల వర్తకునియొద్దగాని ఒప్పగించి రసీదు పుచ్చుకొని, వారసులు దరఖాస్తు పెట్టుకొనవలెను. ఒప్పగించునపుడు దానిపై నున్న ముద్రలను, అంకెలను కాగితముపై వ్రాసికొనుడు. మెరుగు పెట్టింపకుడు.

నా చేతిలో చెడిన ఆ రైఫిలు నేడు సంఘమువారి ఇనుప బీరువాలో నున్నది. దాని కర్రకు ఒక చీటి కట్టితిని. గొట్టముపై రెండు ముద్రలు ఉండెడివనియు, అవి ఏ స్థలమున ఉండెనో, వానిని చెరిపినవాడు నేనేయనియు అందు వ్రాసితిని. ముద్రలు తిరిగి రావు. తరువాత చేతబట్టువాడు ఆ సంగతినైన తెలిసికొనును.