టైర్లకూ చలి పెడుతుందా?

మా ఆర్మూరులో చలికాలానికి ఒక మర్యాద ఉంది. తెల్లవారుజామున నవనాథ సిద్దులగుట్ట నల్లబండల మీద మంచు వచ్చి కూచుంటుంది, పొద్దెక్కేసరికి చెప్పకుండానే లేచి వెళ్ళిపోతుంది. పెట్టె అడుగు నుంచి స్వెట్టర్లు తీసి, కలరా ఉండల వాసన పోయేదాకా ఎండలో వేసి, పట్టుమని పదిరోజులు తొడుక్కుంటామో లేదో శివరాత్రి వస్తుంది. చలి శివశివా అనుకుంటూ పోతుంది. ఈలోగా పసుపు తవ్వకాలు, ఉడకబెట్టడాలు, కల్లాల్లో ఆరబోయడాలు. చలిని పట్టించుకునే తీరిక ఇక్కడ ఎవరికుంది గనక?

అలాంటి ఊళ్ళో కూచుని, చలికాలానికి కారుకు వేరే టైర్లు వేయాలి అన్నమాట వింటే నవ్వు రాక ఏమౌతుంది! మా వీధిలో ఒకావిడ ఉంది. రెండు తరాలుగా పసుపు వ్యాపారం చేసే ఇల్లు. కూతురు, అల్లుడు కెనడాలో, ఒట్టావాలో ఉంటారు. మొన్న ఆవిడ పరుగున వచ్చి, "ఏందక్కా ఇది? మనుషులకంటే చలి పెడ్తది, టైర్లకు గూడ పెడ్తదా? ఉన్న నాలుగు మంచిగనే ఉన్నయంటడు అల్లుడు. బిడ్డేమో ఇంకో నాలుగు కొనాల్సిందే అంటది. రెండు దినాల సంది ఇద్దరికీ మాటల్లేవు" అంది. "పైసలకు తక్లీబైతే మేం పంపిస్తం అన్న. దానికి అల్లుడు ఇంకింత అలిగిండు" అని కూడా అంది. అలగడా మరి!

నాకు నవ్వొచ్చింది గానీ, ఆ పిల్ల సంగతి విన్నాక నవ్వు ఆగిపోయింది. పొద్దున్నే, ఇంకా వెలుతురైనా రాకముందే, ఇద్దరు చిన్నపిల్లల్ని వెనకసీట్లో కట్టి కూచోబెట్టి, వాళ్ళను దించి తను ఉద్యోగానికి పోతుందట. ఉన్నది ఒక్కటే కారు. కిందటేడు మంచులో ఒకసారి బ్రేకు వేస్తే బండి ఆగకుండా కూడలి మధ్యకు జారిపోయిందట. ఆ మాట తల్లికి చెప్పలేదు, నాకు చెప్పింది.

అప్పుడు నేను పుస్తకాలు తీశాను. నవలలు రాసుకునేదానికి టైర్ల గొడవ ఎందుకమ్మా అంటారేమో. బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని, ఏ వస్తువు చూసినా దాని తాతముత్తాతల్ని అడిగితే గానీ తోచదు.

మన బండి చక్రంతోనే మొదలుపెడదాం. నడుమ కుండ, చుట్టూ ఆకులు, పైన ఇనుప పట్టా. ఆ పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి, వ్యాకోచించినప్పుడు చక్రానికి తొడిగి, వెంటనే నీళ్ళు గుమ్మరించేవాళ్ళు. చుయ్యిమని చల్లారి, ముడుచుకుని, కర్రను ఉడుంపట్టు పట్టేది. అంటే చలికి వస్తువు ముడుచుకుంటుందన్న సూత్రాన్ని మన కమ్మరీ వడ్రంగీ కలిసి ఎప్పుడో పనిలో పెట్టారు. ఇనుముకు ముడుచుకోవడం గుణమైంది. రబ్బరుకు అదే జబ్బయింది.

అసలు రబ్బరు చరిత్రంతా చలితో చేసిన యుద్ధమే అంటే తప్పులేదు. 1830లలో అమెరికాలో రబ్బరు జోళ్ళు, రబ్బరు కోట్లు వచ్చాయి. జనం ఎగబడి కొన్నారు. ఎండాకాలం రాగానే అవి కరిగి జిగురు ముద్దలై కంపుకొట్టాయి. చలికాలంలో గట్టిపడి పెళపెళ విరిగాయి. ఆ వ్యాపారాలన్నీ మునిగాయి. అప్పుడు చార్లెస్ గుడ్ ఇయర్ అనే ఆయనకు రబ్బరు పిచ్చి పట్టింది. పిచ్చి అనే అనాలి మరి. ఇల్లు గడవక అప్పులపాలై జైలుకు వెళ్ళాడు. జైల్లోకి భార్య చేత ముడిరబ్బరూ, అప్పడాల కర్రా తెప్పించుకుని, అక్కడే పిసుకుతూ కూచున్నాడని చెబుతారు. ఆ క్లారిస్సా ఇల్లాలి ఓర్పు గురించి ఎవరైనా ఒక నవల రాయాలి. 1839లో గంధకం కలిపిన రబ్బరు ముక్క వేడి పొయ్యికి తగిలింది. కరగలేదు. చలిలో పెట్టి చూస్తే విరగలేదు. 1844లో పేటెంటు వచ్చింది గానీ డబ్బు రాలేదు. 1860లో అప్పుల్లోనే పోయాడు. ఇవాళ ఆయన పేరుతో ఉన్న పెద్ద టైర్ల కంపెనీ 1898లో పుట్టింది. దానికీ ఆయన కుటుంబానికీ ఏ సంబంధమూ లేదు, గౌరవానికి పేరు పెట్టుకున్నారంతే.

గాలి టైరును మొదట ఊహించింది స్కాట్లండు మనిషి రాబర్ట్ విలియం థామ్సన్. 1845లోనే పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి కార్లూ లేవు, సైకిళ్ళూ లేవు. గుర్రబ్బగ్గీలకు ఇదెందుకులే అని లోకం మరిచిపోయింది. నలభై ఏళ్ళు దాటాక, 1888లో, బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యం చేసుకునే డన్‌లప్, కొడుకు మూడుచక్రాల బండి రాళ్ళమీద గడగడలాడుతోందని చక్రాలకు గాలి నింపిన గొట్టం చుట్టాడు. ఆయనా స్కాట్లండు వాడే. పేటెంటు కూడా తెచ్చుకున్నాడు. తరవాత థామ్సన్ పాత కాగితం బయటపడి అది చెల్లకుండా పోయింది. ఏమైతేనేం, మనదేశంలో డన్‌లప్ పేరు ఊరూరా తెలిసిపోయింది. 1936లో బెంగాల్లో సాహాగంజ్‌లో ఆ కంపెనీ కార్ఖానా పెట్టింది. ఇనుప పట్టా చక్రాలు పోయి ఎడ్లకు టైరు బండ్లు వచ్చాక పసుపు బస్తాలు లాగే ఎడ్లు ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నాయో వాటినే అడగాలి.

అన్నట్టు, మన నిజాం రాజ్యంలో 1932 జూన్‌లో రైల్వే వాళ్ళే రోడ్డు రవాణా విభాగం పెట్టి 27 బస్సులతో సర్వీసులు మొదలుపెట్టారు. ఆ తొలినాళ్ళ ఆల్బియన్ బస్సులు కూడా స్కాట్లండువే! ఆ దేశానికీ చక్రానికీ ఏదో ఋణానుబంధం ఉండాలి. మన బస్సుల నంబర్లలో చాలాకాలం కనిపించిన 'జడ్' అక్షరం నిజాం తల్లి జహ్రా బేగం పేరుకు గుర్తు అని చెప్పుకుంటారు. బస్సు మీద అమ్మ పేరు రాసుకున్న కొడుకన్నమాట.

రబ్బరు చెట్టు సంగతి చెప్పకపోతే పాపం తగులుతుంది. 1876లో హెన్రీ వికమ్ అనే ఇంగ్లీషువాడు బ్రెజిల్ నుంచి 70 వేల విత్తనాలు లండనుకు చేర్చాడు. మొలకెత్తినవి మూడు వేలు కూడా లేవు. వాటి సంతతే సింహళం, మలయా దేశాలను నింపింది. ఆ తోటల్లో పాలు తీయడానికి తమిళులతో పాటు మన విశాఖ, శ్రీకాకుళం వైపు నుంచి తెలుగువాళ్ళు ఓడలెక్కి వెళ్ళారు. రబ్బరుపాలు చల్లటివేళ బాగా కారతాయి గనక తెల్లవారకముందే చెట్ల దగ్గరకు పోవాలి. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని ఎవరికో అప్పగించి, చీకట్లో కత్తీ బకెట్టూ పట్టుకుని బయలుదేరేవారు. ఆ ఒట్టావా పిల్ల చీకట్లో పిల్లల్ని దించిరావడం విన్నప్పుడు నాకు వీళ్ళే గుర్తొచ్చారు.

సరే, మంచు దేశాలకు వద్దాం. మొదట్లో మంచులో చక్రం జారకుండా జనం తాళ్ళు చుట్టేవాళ్ళు. 1904లో న్యూయార్కు రాష్ట్రంలో హ్యారీ వీడ్ అనే ఆయన చక్రాలకు తొడిగే గొలుసులకు పేటెంటు తీసుకున్నాడు. గొలుసులతో నెమ్మదిగానే పోవాలి, చప్పుడు చెప్పనలవి కాదు, రోడ్డు పాడు. అసలు చలికాలపు టైరును పుట్టించింది ఫిన్లాండు. నోకియా ఊళ్ళోని రబ్బరు కంపెనీ 1934లో లారీలకు, 1936లో కార్లకు మంచు టైరు తయారుచేసింది. దాని పేరు హక్కపెలిట్టా. పదిహేడో శతాబ్దంలో యుద్ధాలు చేసిన ఫిన్లాండు రౌతుల పేరది. ఎనభై ఏళ్ళు దాటినా అదే పేరుతో ఇప్పటికీ అమ్ముతున్నారు. టైరు మీద సన్నసన్నగా కత్తిగాట్లు పెడితే తడిలో పట్టు పెరుగుతుందన్న ఆలోచన అమెరికాలో జాన్ సైప్‌ది. 1923లో పేటెంటు. కబేళాలో పనిచేస్తూ, నేలమీద జారిపోకుండా తన జోళ్ళ అడుగున గాట్లు పెట్టుకుంటే తోచిందని కథ. ఆ గాట్లను ఇప్పటికీ ఆయన పేరుతో సైపులు అనే అంటారు.

మరి చలికి టైరుకు ఏమౌతుంది? మార్గశిరంలో కొబ్బరినూనె సీసా చూడండి. నూనె అదే, సీసా అదే, బోర్లించినా చుక్క రాలదు. మామూలు టైరు రబ్బరు కూడా ఏడు డిగ్రీలకు దిగువన బిరుసెక్కడం మొదలవుతుంది. బిరుసు రబ్బరు రోడ్డును పట్టుకోదు. మన జిల్లాలో ఎంత చలి ముదిరినా మధ్యాహ్నానికి ఎండ కాస్తుంది. ఒట్టావాలో జనవరి రాత్రులు సున్నాకు పదిహేను డిగ్రీలు దిగువకు పోవడం మామూలు. చలికాలపు టైరులో సహజ రబ్బరూ, సిలికా ఎక్కువ కలిపి ఆ చలిలోనూ మెత్తగా ఉండేట్టు చేస్తారు. గాడులు లోతుగా ఉండి మంచును తవ్విపోస్తాయి. గాట్లు మంచుగడ్డ మీది సన్నటి నీటిపొరను పీల్చుకుంటాయి. కాబట్టి మా వీధి ఆవిడ అడిగిన ప్రశ్న వెర్రి ప్రశ్నేం కాదు.

అల్లుడిగారి వాదనలు మూడు. మొదటిది, ఉన్న టైర్ల మీద 'ఎం ప్లస్ ఎస్' అని ఉంది, అంటే బురదకూ మంచుకూ పనికొస్తాయని కదా! కాదు. ఆ అక్షరాలు గాడుల ఆకారాన్ని బట్టి కంపెనీ వేసుకునేవి, పరీక్ష లేదు. 1999 నుంచి వేరే గుర్తు వచ్చింది. మూడు శిఖరాల కొండ, నడుమ మంచురేకు. అది మంచుమీద పరీక్ష నెగ్గితేనే వేస్తారు. ఆ బొమ్మ ఉందో లేదో చూడమన్నాను. లేదు. ఏడాది పొడుగునా వాడుకునే రకాల్లోనూ ఆ బొమ్మ ఉన్నవి దొరుకుతాయి, వాంకూవర్ లాంటి మెత్తటి చలికి అవి చాలునేమో గానీ ఒట్టావాకు నేనైతే ఒప్పుకోను.

రెండోది, ఇంజను బలమంతా ముందు చక్రాలకే గనక రెండు కొంటే చాలు. ఇది మరీ ప్రమాదం. ముందువి పట్టుకుని వెనకవి జారితే, బ్రేకు వేసినప్పుడో మలుపులోనో బండి వెనకభాగం బొంగరంలా తిరుగుతుంది. వెనకసీట్లో ఎవరున్నారో చెప్పక్కర్లేదు. కొంటే నాలుగు, లేదా ఊరుకోవడం.

మూడోది ఖర్చు. ఇది న్యాయమైన మాటే. మధ్యతరగతి సంసారంలో నాలుగు టైర్లంటే చిన్న మాట కాదు, ఏ దేశంలోనైనా. కానీ ఒక జత చలికాలం తిరుగుతుంటే రెండోది విశ్రాంతిగా ఉంటుంది, రెండూ ఎక్కువకాలం వస్తాయి. 2016 జనవరి నుంచి ఒంటారియోలో బీమా కంపెనీలు చలికాలపు టైర్లకు ప్రీమియం కొంత తగ్గించాలని నియమం. అన్నిటికంటే చిత్రమేమంటే, ఒట్టావా నది దాటితే అవతలిది క్విబెక్ రాష్ట్రం. అక్కడ నమోదైన కార్లకు 2008 నుంచి ఇది చట్టం. 2019 నుంచి డిసెంబరు 1 మొదలు మార్చి 15 దాకా తప్పనిసరి. నది ఆ ఒడ్డున జరిమానా, ఈ ఒడ్డున మొగుడూ పెళ్ళాల జగడం! ఇనుప మేకులు దిగ్గొట్టిన టైర్ల మాటా వచ్చింది గానీ, ఒంటారియోలో ఉత్తర ప్రాంతం వాళ్ళకే వాటికి అనుమతి. ఒట్టావా వాళ్ళకు లేదు. ఒక చిక్కు తీరింది.

చివరికి మేకులు లేనివి నాలుగు, వేరే ఇనుప రిమ్ములతో సహా కొన్నారు. రిమ్ములతో ఉంటే మార్చే ప్రతిసారీ టైరును ఊడబెరికే పని తప్పుతుంది. ఒక అంగుళం చిన్న రిమ్ము, కాస్త సన్నటి టైరు తీసుకున్నారు. మొత్తం ఎత్తు మాత్రం మారకూడదు. వెడల్పు టైరు మంచుమీద తేలుతుంది, సన్నటిది కోసుకుంటూ పోతుంది.

టైరు పక్కన రాసిన అంకెలు మన కార్లకూ పనికొస్తాయి గనక చెబుతున్నాను. 195/65 ఆర్ 15 అంటే వెడల్పు 195 మిల్లీమీటర్లు, గోడ ఎత్తు అందులో నూటికి 65 వంతులు, ఆర్ అంటే రేడియల్, అది 1946లో ఫ్రాన్సులో మిషెలిన్ వాళ్ళు పేటెంటు చేసినది, 15 అంగుళాల రిమ్ము. ఇంకోచోట నాలుగంకెలుంటాయి. 3524 అని ఉంటే 2024లో 35వ వారంలో తయారైందని. దుకాణదారు కొత్త టైరంటూ నాలుగేళ్ళ కిందటిది అంటగడుతున్నాడేమో ఇది చూస్తే తెలిసిపోతుంది. పప్పుల డబ్బా మీద తేదీ చూసేవాళ్ళం, దీన్ని మాత్రం మగవాళ్ళకెందుకు వదలాలి?

ఒట్టావా పిల్లకు ఇంకో రెండు మాటలు చెప్పాను. చలికి టైరులో గాలి కూడా ముడుచుకుంటుంది, ఐదారు డిగ్రీలు పడిపోయిన కొద్దీ ఒక పౌండు చొప్పున ఒత్తిడి తగ్గుతుంది, కాబట్టి నెలకొకసారైనా చూపించుకోవాలి. ఏప్రిల్‌లో ఎండ రాగానే బద్ధకించక వీటిని తీసేయాలి. మెత్తటి రబ్బరు వేడి రోడ్డు మీద పెన్సిలు రబ్బరులా అరిగిపోతుంది. తీసినవి ఎక్కడ పెట్టాలి, అపార్టుమెంటులో చోటు లేదంది. చలికాలం వెళ్ళాక టైర్లను దాచిపెట్టి, కొంత రుసుము తీసుకునే దుకాణాలు అక్కడ ఉన్నాయట. అల్లుడే వెతికి మాట్లాడి వచ్చాడట.