అమరావతి కుండ, లిల్లీ కాడ

ఫ్లవర్‌వాజు దొరల సరదా అని మా అత్తగారి గట్టి నమ్మకం. పువ్వంటే దేవుడి పటానికి, లేదా జడకి. నీళ్లలో నిలబెట్టి చూస్తూ కూర్చోడానికి కూడా పూలు కొంటారా అనేవారు. గుంటూరు బడిలో పిల్లలకి సోషల్ పాఠాలు చెప్పినదాన్ని, ఆవిడకి ఇవ్వాల్సిన జవాబు మా ఊరికి గంట ప్రయాణంలోనే ఉంది.

అమరావతి బౌద్ధ స్తూపం, అంటే మహాచైత్యం, చుట్టూ అమర్చిన పల్నాటి సున్నపురాతి పలకల్లో కొన్నిటి మీద ఒకటే బొమ్మ. గుండ్రని పొట్ట, సన్నని మెడ, విచ్చుకున్న మూతి ఉన్న కుండ. అందులోంచి తామర మొగ్గలు, విరిసిన పూలు, ఆకులు గుబురుగా పైకి లేస్తాయి. అదే పూర్ణఘటం. శాతవాహనుల కాలంలో అది శుభానికి, సమృద్ధికి గుర్తు. పద్దెనిమిదో శతాబ్దం చివర అక్కడికొచ్చిన కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి శిల్పాలకు బొమ్మలు గీయించాడు. 1845లో కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించిన రాళ్లు మద్రాసు చేరాయి. అందులో చాలాభాగం తర్వాత ఓడెక్కి లండన్ వెళ్లింది. ఆ కుండల్లో చాలావాటిని చూడాలంటే ఇప్పుడు చెన్నై మ్యూజియానికో, బ్రిటిష్ మ్యూజియానికో వెళ్లాలి. అంత దూరం వెళ్లలేనివాళ్లు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ కాగితం దేన్నయినా తీసి చూడండి. రాజముద్ర నడుమ ఉన్నది ఆ పూర్ణఘటమే.

ఆనాటి ఇళ్లలో అరుగు మీద ఇలాంటి కుండ ఉండేదని ఆ రాయి సాక్ష్యం చెప్పదు. కాని ఏ కాడ ఎటు వంగుతుందో, ఏ మొగ్గ ఏ ఆకు చాటున ఉంటే అందమో ఆ శిల్పులకి బాగా తెలుసు.

తర్వాత ఆ కుండ ఎక్కడికీ పోలేదు, పూజగదిలో కలశమై కూర్చుంది. చెంబూ నీళ్లూ అవే, తామరల చోట మామిడాకులు, కొబ్బరికాయ వచ్చాయి. పువ్వు మాత్రం దారానికెక్కింది. మల్లె, జాజి, కనకాంబరం తొడిమ దగ్గరే తెంపే పూలు. దండయితే మూర లెక్క, విడిపూలయితే తూకం. బేరమంతా ఈ రెండిటితోనే నడిచాక కాడతో కోసే పని ఎవరికుంటుంది? తెలంగాణలో బతుకమ్మ పేర్చే ఆడవాళ్లు మాత్రం ఆ నేర్పు వదల్లేదు. గునుగు కాడలు సమంగా కత్తిరించి, కట్టలు కట్టి, రంగులద్ది, తంగేడు వరసల మీద ఎత్తుగా నిలబెడతారు. అయితే అది ఇంట్లో ఉంచుకునే పువ్వు కాదు, చెరువులో కలిసే పువ్వు.

ఇంట్లో పూలు నిలబెట్టే కుండలు, అంటే గుల్దాన్‌లు, నిజాముల హైదరాబాదులో ఉండేవి. జింకులో కాస్త రాగి కలిపి పోతపోసి, వెండి పొదిగి, బీదరు కోట మట్టితో నల్లబరిచిన బిద్రీ పనితనం వాటిలో పేరున్నది. కోస్తాలో కలెక్టరు బంగళాలు, మిషనరీల ఇళ్లు పూలగుత్తిని హాల్లోకి తెచ్చాయి. సామాన్యుల దాకా దాన్ని తెచ్చింది ఫోటో స్టూడియో. పాత పెళ్లి ఫోటోల్లో చూడండి, దంపతుల పక్కన ఎత్తు స్టూలు, దానిమీద ఒక పూలకూజా. ఆ తర్వాత టీవీ మీదకి ప్లాస్టిక్ గులాబీలు వచ్చి, దుమ్ము పట్టి, నెలకోసారి సబ్బునీళ్లలో స్నానం చేసేవి.

అసలు పూలని మళ్లీ కుండలోకి తెచ్చింది నా లెక్కలో లిల్లీ. నేలసంపెంగ అన్నా, రజనీగంధ అన్నా ఇదే. ఒంటిరెక్క రకం దండలకి విడిపూలుగా వెళ్తుంది, ముద్దరకం కాడతో సహా గుత్తులకి వస్తుంది. ఒకే పువ్వు రెండు బేరాలకీ సరిపోయింది. ఇది మెక్సికో మొక్క, యూరప్ వాళ్ల చేతుల మీదుగా మన దేశం చేరింది. అయితేనేం, గుమ్మానికి కట్టే బంతి కూడా మెక్సికోదే, చామంతి చైనాది. బంతిదండ దొరల సరదా అని ఎవరూ అనలేదు కదా! చెంబులో లిల్లీకి మాత్రం ఆ మాటెందుకు పడాలి?

నేను గాజు వాజు కొనలేదు. ఇత్తడి మరచెంబు చాలు. కాడ చివర నీళ్లలో ముంచి ఉంచి ఏటవాలుగా కోస్తాను, గాలి దూరితే కాడ నీరు పీల్చలేదు. మునిగే ఆకులు తుంచేస్తాను, లేకపోతే కుళ్లి వాసనొస్తాయి. రోజూ నీళ్లు మార్చాలి, ఎండా ఫ్యానూ తగలకూడదు. లిల్లీ కింద నుంచి పైకి విచ్చుకుంటుంది కనక వాడినవి కింద నుంచి తీసేస్తుంటే పై మొగ్గలు ఒక్కొక్కటే విప్పుకుంటాయి.

ఈసారి పూలు కొనేటప్పుడు మూర దండతోపాటు నాలుగు లిల్లీ కాడలు కూడా అడగండి. అడిగేవాళ్లుంటేనే పూలమ్మే ఆవిడ గంపలో కాడలకి చోటిస్తుంది.