బంతిపైకి పోవుటా, బుట్టకడకు తగ్గుటా?

నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతములలో చెడుగుడు ఎరుగని పిల్లవాడు అరుదు. కూతకు వచ్చినవానిని లోనికి రానిచ్చి ఎప్పుడు చుట్టుముట్టవలెనో వానికొకరు చెప్పనక్కరలేదు. ఆ పిల్లవానినే బాస్కెట్‌బాల్ ఆటకు దింపినచో, బంతి తెచ్చువానిపైకి పోవుట మేలా, తన బుట్టకడకు తగ్గి నిలుచుట మేలా యను ప్రశ్న పుట్టును. ఈ ప్రశ్న ఆటతోపాటు పుట్టినది కాదు.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డున జేమ్స్ నైస్మిత్ పండ్లబుట్టలు కట్టించి ఈ ఆట మొదలిడెను. మన వైపునకు వచ్చినచో, 1920లో హ్యారీ బక్ మద్రాసున వై.ఎం.సి.ఎ. వ్యాయామ విద్యాలయమును నెలకొల్పెను. బుట్ట పడిన ప్రతిసారియు నడుమ బంతి నెగురవేసి ఆట సాగించుట ఆనాటి పద్ధతి. కనుక బుట్ట వేసినవెంటనే ఎదుటివారిని వారి కొసలోనే నిలువరించు అవకాశము లేకుండెను. అమెరికా కళాశాలల ఆటలో 1932లో, 10 సెకనులలో బంతి నడిమిగీత దాటవలెనను నియమము వచ్చెను. 1937లో ఆ ఎగురవేత తొలగెను. అప్పటినుండి పైకిపోవువానికి గడియారము తోడయినది. 1964లో జాన్ వుడెన్ తీర్చిన లాస్ ఏంజిల్స్ విశ్వవిద్యాలయ జట్టు ఇట్లే ఒత్తిడి పెట్టి ఆడిన 30 ఆటలును గెలిచెను. మొదట దిగు అయిదుగురిలో 6 అడుగుల 5 అంగుళములు మించినవారు లేరు!

ఆ కథ విని పదేండ్ల పిల్లలను బంతిపైకి ఉసికొల్పు శిక్షకులు కలరు. గెలుపు సులభమే, చిన్నచేతులు బంతిని దూరము విసరలేవు. వెనుకకు తగ్గినను గెలువవచ్చును. ఆ చేతులే 10 అడుగుల బుట్టకు దూరమునుండి వేయలేవు. రెండింటను గెలిచినది ఎదుటి పిల్లవాని బలహీనతయే. చిన్నారుల మినీ బాస్కెట్‌బాల్‌లో బుట్టను 2.60 మీటర్లకు దించుట అందులకే.

మరి మన నేల సంగతి? కుందూ పొడవున నల్లరేగడి. వానకు బంతి ఎగురదు, ఎండకు నేల నెర్రెలు విచ్చును. చదును చేయని అట్టి చోట బంతిని కొట్టుచు తప్పించుకొనుట కల్ల, తోటివానికందించుటే గతి. అది నేర్వని పిల్లవాడు ఆటంతయు నడిమిగీత దాటలేక, మరునాడు మైదానమునకే రాడు.

వెనుకకు తగ్గుటనే మేము మెచ్చుచున్నామనుకొనరాదు. చెడుగుడులో వెనుకగీత త్రొక్కినవాడు తొలగవలెను. ఇచట తగ్గినవానికి ఆ భయము లేదు, కాళ్లకు సోమరితనము మరగును. మొదట ఒక్కొక్కడు ఒక్కొక్కనికెదురుగా, బుట్టకును వానికిని నడుమ నిలుచుట నేర్పవలెను. పిమ్మట నడిమిగీత దాటినవానిపైకి పోనీయవలెను. ఎదుటివారు బంతి నందించుట నేర్చినపిదపనే వారి కొసకు పోనీయవలెను.