సెల్ఫ్ సప్పుడు చెప్పే సంగతి

దగ్గరికి జరిగి కూసోండ్రి బిడ్డలారా, మంట ఇంక మంచిగనే ఉంది. పాతబండి సెల్ఫ్ నొక్కితే వింత సప్పుడు వస్తుందని అడిగిండ్రు గదా. ఆ ముచ్చట చెప్పాలంటే సెల్ఫే లేని కాలం కాడికెల్లి మొదలువెట్టాలె.

మా వయసుల సికింద్రాబాద్ మోటర్‌సైకిళ్లన్నీ కిక్కు బండ్లే. తిరుమలగిరి, బొల్లారం రోడ్ల మీద మిలిట్రీ బుల్లెట్లు డుగు డుగు అనుకుంట పోతుండె. 1955ల మద్రాసుల బుల్లెట్ తయారీ మొదలైంది. మైసూరు కెల్లి జావా, దాని ఎన్క యెజ్డి వచ్చినయి. యెజ్డికి కిక్కు రాడే గేరు రాడు. కొట్టి స్టార్ట్ చేసి, దాన్నే ముందుకు మలిపి గేరేసుడు.

బుల్లెట్ స్టార్ట్ చేసుడంటే ఒక విద్య. చాబీ తిప్పి, కిక్కును కాలుతోని మెల్లగ ఒత్తుకుంట అమ్మీటర్ ముల్లు మీద కన్నేయాలె. పక్కకు వోయిన ముల్లు నడిమికి వచ్చిందంటే పిస్టన్ పైకెక్కినట్టు. అప్పుడు ఎడమ చెయ్యి కాడ డీకంప్రెసర్ పట్టుకుంటె ‘చుస్స్’మని గాలి పోతది. జరంత కిందికి ఒత్తి, డీకంప్రెసర్ ఇడిచి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు నిండుగ ఒక్క తన్ను. వరుస తప్పితే కిక్కు ఎనక్కి తంతది, మడమ వాస్తది. బండి మాట వినుడు ఆ కిక్కే మాకు నేర్పింది.

మనూరికి చెవితోని పని చేసుడు కొత్త గాదు. 1874 కాడికెల్లి ఉన్న స్టేషన్ మనది, లాలాగూడ వర్క్‌షాప్ మనది. ఆగిన రైలు చక్రాలను సుత్తెతోని కొట్టుకుంట పోయెటోళ్లు. మంచి చక్రం ఖంగుమంటది, పగులున్నది బొద్దుగ మోగుతది. రాణిగంజ్ మెకానిక్ ఉస్తాదులది గూడ గదే పద్ధతి. పానా పట్టకముందు “ఒక్కసారి కొట్టు, ఇంటా” అనెటోళ్లు.

1984ల కైనెటిక్ హోండా స్కూటర్ సెల్ఫ్‌తోని వచ్చింది. బటన్ నొక్కితె బండి లేసుడు జనం ఆగి చూసిన్రు. 2001ల పల్సర్, ఆ ఎన్క బుల్లెట్లకు గూడ సెల్ఫ్ పెట్టిన్రు. గప్పటిసంది ఉస్తాదుల చెవికి కొత్త పాఠాలు వచ్చినయి.

‘టకటకటక’ అని కొట్టుకుంటె బ్యాటరీల దమ్ము లేనట్టు. మోటర్‌కు కరెంటిచ్చే రిలే పట్టుకుంటది, మోటర్ గుంజంగనే వోల్టేజీ పడిపోతది, రిలే ఇడుస్తది, మళ్ల పట్టుకుంటది. “లైటు ఎలుగుతుంది గదా, బ్యాటరీ మంచిదే” అంటరు జనం. హెడ్‌లైటుకు అయిదు ఆంపియర్లు చాలు, సెల్ఫ్ మోటర్‌కు ఎన్నో పదుల ఆంపియర్లు కావాలె. నిండు బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తది. సెల్ఫ్ కొట్టినప్పుడు పదికి కిందికి జారిపోతుందంటె బ్యాటరీనో, దాని టెర్మినళ్లనో చూడాలె.

ఒక్క ‘టక్’ అని ఊకుంటె లైటేసి నొక్కాలె. లైటు మసకబారితె బ్యాటరీ దిక్కు పోవాలె. ఎలుగు తగ్గకపోతె కరెంటు మోటర్ దాకా పోతలేదు. రిలే పాయింట్లు, వైర్లు, మోటర్‌ల కార్బన్లు చూడాలె.

ఒక పిలగాడు తార్నాక కెల్లి ఒక ఉస్తాద్ కాడికి బండి నూకుకుంట వచ్చిండు. కొత్త బ్యాటరీ ఏయించిండు, మోటర్ మార్చాల్నని గూడ ఎవరో చెప్పిన్రట. ఉస్తాద్ లైటేయించిండు. ‘టక్’ అన్నది, లైటు తెల్లగనే ఉంది. బ్యాటరీ కాడికెల్లి ఇంజిన్‌కు పోయే ఎర్త్ వైరు పట్టుకుంట పోయిండు. చివర బోల్టు కింద తుప్పు పొక్కులు పొక్కులుగ లేసింది. ఇప్పి, సాండ్ పేపర్‌తోని మెరిసేదాక రాకి, బిగించి, పైన వాజలైన్ రాసిండు. నొక్కితె ఒక్క ఊపుల లేసింది. మోటర్ పైసలు పిలగాని జేబుల్నే మిగిలినయి.

ఇంకో సప్పుడుంది. మోటర్ ‘గిర్ర్’మని తిరుగుతది, ఇంజిన్ మాత్రం కదలది. అది వన్ వే క్లచ్ జారుడు. ఆ క్లచ్‌ను స్ప్రాగ్ అని గూడ అంటరు. స్టార్ట్ చేసెటప్పుడు మోటర్‌ను ఇంజిన్‌తోని కలుపుతది, ఇంజిన్ లేవంగనే ఇడుస్తది. ఇంజిన్ ఎనక్కి తన్నితె ముందుగ దెబ్బ తినేది అదే. అరిగిన కొద్ది ‘కర్ర్’మని రాకుతది. దాన్ని ఓర్చుకోని నడిపితె ఇనుప ముక్కలు నూనెల కలుస్తయి, పక్క గేర్ల పండ్లు గూడ పోతయి. ఆ సప్పుడు ఇన్ననాడే సెల్ఫ్ ఆపి, కిక్కుంటె కిక్కుతోని నడిపి, బండి ఇప్పించాలె.

ఏ సప్పుడూ లేకపోతె భయపడొద్దు. కిల్ స్విచ్, ఫ్యూజు, న్యూట్రల్, సైడ్ స్టాండ్ చూడుండ్రి. సెల్ఫ్‌ను అయిదు సెకన్లకు మించి పట్టొద్దు, నడుమ ఆపి మోటర్‌ను చల్లగ కానియ్యాలె. చార్జింగ్ పెట్టిన బ్యాటరీ కాడ బీడీ ముట్టియ్యొద్దు, దాంట్లకెల్లి వచ్చే గ్యాసు అంటుకుంటది.

గిప్పుడు దుకాణానికి పోతె ముందుగాల కొత్త పార్టే చెప్తున్నరు. మీరు అట్ల చేయకుండ్రి. పాతబండి తనకేం తక్కువైందో తానే చెప్తది. ముందు చెవి పెట్టుండ్రి, తర్వాత వైరు చూడుండ్రి, పానా అన్నిటికన్న ఆఖరుకు పట్టుండ్రి.