దస్–నౌ–ఆఠ్: ఒక నంబరుకు ముప్పై ఏళ్లు

మన హాస్టళ్ల గోడల మీద 1098 అనే అంకెలు మీలో చాలామంది చూసే ఉంటారు. భోజనం వరుసలో నిలబడి రోజూ చదివినవాళ్లూ ఉంటారు. 2026తో ఆ నంబరుకు ముప్పై ఏళ్లు. దాన్ని పెంచిన విద్యాసంస్థకు అదే ఏడాది తొంభై. మన పండుగల గురించి, పాటల గురించి రాసేవాళ్లు చాలామంది ఉన్నారు కనుక మేము ఈ నంబరు చరిత్ర రాస్తున్నాము.

ఆ సంస్థ ముంబైలోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ. అందరూ 'టిస్' అంటారు. 1936లో సామాజిక సేవ నేర్పే చిన్న కళాశాలగా మొదలై, 1964లో విశ్వవిద్యాలయ హోదా పొందింది. అక్కడ అధ్యాపకులు, విద్యార్థులు కలిసి బయట జనం మధ్య ఒక పని మొదలుపెడతారు. దాన్ని 'ఫీల్డ్ యాక్షన్ ప్రాజెక్టు' అంటారు. కొత్తగా పుట్టిన సేవా బృందానికి గది ఉండదు, పేరు ఉండదు, అధికారి దగ్గరికి వెళ్తే కుర్చీ కూడా వేయరు. అవన్నీ విశ్వవిద్యాలయం ఇస్తుంది. నిలదొక్కుకున్నాక కొన్ని విడిగా సంస్థలవుతాయి, కొన్నిటిని ప్రభుత్వం తీసుకుంటుంది. ముంబై పోలీసు కమిషనర్ కార్యాలయంలో 1984లో హింసకు గురైన స్త్రీల కోసం పెట్టిన ప్రత్యేక విభాగం అలాంటిదే. మేమూ బి.ఎడ్.లో టీచింగ్ ప్రాక్టీసు చేశాము. రికార్డు మీద సంతకం పడగానే మా ప్రాక్టీసు ముగిసింది. వీళ్లది మాత్రం ఇంకా మోగుతూనే ఉంది!

జెరూ బిలిమోరియా అక్కడ అధ్యాపకురాలు. వీధుల్లో, రైల్వే స్టేషన్లలో బతికే పిల్లల మధ్య పనిచేసేవారు. రాత్రిపూట జ్వరం వచ్చినా, ఎవరైనా కొట్టినా, పోలీసులు పట్టుకున్నా ఆ పిల్లలు ఆమె ఇంటికే ఫోన్ చేసేవారు. ఒక్క ఇంటి ఫోను ఎంతమందికి సరిపోతుంది? అలా 1996 జూన్‌లో చైల్డ్‌లైన్ మొదలైంది. టెలికాం శాఖ ఉచిత నంబరు ఇచ్చింది. అంకెలు వెనక్కి లెక్కపెట్టినట్టు 'దస్–నౌ–ఆఠ్' అంటే బడికి వెళ్లని పిల్లలకు కూడా గుర్తుంటుంది. మాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా నచ్చింది ఇదే: ఎవరి కోసం పెట్టారో ఆ పిల్లల నోట పలికేలా నంబరు ఉండటం. 1999లో దేశమంతటా నడిపేందుకు చైల్డ్‌లైన్ ఇండియా ఫౌండేషన్ ఏర్పడింది.

మా దగ్గర దీని అవసరం సెలవుల తర్వాత తెలుస్తుంది. వేసవి సెలవులు ముగిసి ట్రంకు పెట్టెలు తిరిగొస్తాయి. తొమ్మిదో తరగతిలో ఒకరిద్దరి పెట్టెలు రావు. ఆరా తీస్తే పెళ్లయిందంటారు. పద్దెనిమిదేళ్లు నిండని ఆడపిల్లకు పెళ్లి చేయడం నేరమని 2006 చట్టం చెబుతోంది. ఆ మాట గూడెం పెద్దలకు తెలియదని మేము అనుకోము. "అమ్మానాన్నల మీద ఫిర్యాదు చేసినట్టు కాదా, మేడం?" అని అడిగే పిల్లలున్నారు. కాదని చెబుతాము. పెళ్లి ఆపడమే అడుగుతున్నాము, నాన్నను జైల్లో పెట్టమని కాదు. అయినా ఆ భయం ఒక్క మాటతో పోదు.

2023లో ఈ సేవ స్వచ్ఛంద సంస్థల చేతుల నుంచి ప్రభుత్వం చేతుల్లోకి వెళ్లింది. 112 అత్యవసర సేవతో కలిపారు. బాధ్యత ప్రభుత్వానిదే కావడం న్యాయమే. అయితే ఫోన్ ఎత్తేవాళ్లకు ఏ వాగు దాటితే ఏ గూడెం వస్తుందో తెలియాలి. భయంలో ఉన్న పిల్లకు బడిలో నేర్చిన తెలుగు నోటికి రాదు. కోయలోనో, కువిలోనో, లంబాడీలోనో ఏడుస్తుంది. అటువైపు ఆ భాష తెలిసిన మనిషి ఉంటారా? మన సంఘం యువతలో డిగ్రీలు చదివి, రెండు భాషలూ వచ్చినవాళ్లు ఇప్పుడు మండలానికి పదిమందైనా ఉన్నారు. మీ పేర్ల జాబితా తయారుచేసి జిల్లా బాలల సంరక్షణ అధికారికి ఇద్దామని మా వార్డెన్ల ఆలోచన. వేసవి సెలవుల లోపే ఇవ్వాలి.