ఉండకూడని చోట టెక్నీషియం

ఆవర్తన పట్టికలో 43వ గడి చాలాకాలం ఖాళీగా ఉండిపోయింది. అందులో ఉండాల్సిన మూలకం కోసం రసాయన శాస్త్రజ్ఞులు ఖనిజాలన్నీ గాలించారు. దొరికిందన్న వాళ్ల మాటేదీ నిలబడలేదు. చివరికి 1937లో ఇటలీలోని పాలెర్మోలో కార్లో పెరియె, ఎమీలియో సెగ్రే దాన్ని పట్టుకున్నారు, అదీ ఖనిజంలో కాదు. అమెరికాలోని బర్క్లీ సైక్లోట్రాన్‌లో కణాల దెబ్బలు తిన్న మాలిబ్డినం రేకులో. మనిషి కృత్రిమంగా తయారు చేసిన మొట్టమొదటి మూలకం అది: టెక్నీషియం. ఇవాళ హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఎముకల స్కాన్‌కు నరంలోకి ఎక్కించే మందులో ఉండేది దీని ఐసోటోపే.

గనుల్లో ఎందుకు దొరకలేదో కూడా తేలింది. దీని ఐసోటోపుల్లో అన్నిటికన్నా ఎక్కువ కాలం మన్నేదాని అర్ధాయువు దాదాపు 42 లక్షల ఏళ్లే. సుమారు 450 కోట్ల ఏళ్ల భూమిలో పుట్టుకతో వచ్చిన టెక్నీషియం మిగిలే అవకాశమే లేదు.

భూమ్మీద మిగలనిది ఆకాశంలో కనిపించింది. కాలిఫోర్నియాలోని మౌంట్ విల్సన్ వేధశాలలో పాల్ మెరిల్ అనే వర్ణపట నిపుణుడు ఉండేవాడు. సిద్ధాంతాల జోలికి పెద్దగా పోయేవాడు కాదు. ఎర్రటి ముసలి నక్షత్రాల కాంతిని విడదీసి, గీతలు కొలుస్తూ దశాబ్దాలు గడిపాడు. జిర్కోనియం ఆక్సైడ్ పట్టీలు కనిపించే వింత నక్షత్రాలకు 1922లోనే 'ఎస్' అనే ప్రత్యేక తరగతి సూచించింది ఆయనే. 1952లో ఆ తరగతి నక్షత్రాల్లోనే టెక్నీషియం గీతలు గుర్తించాడు.

వాడని మామిడి తోరణం చూస్తే ఇంట్లో శుభకార్యం ఈమధ్యే అయిందని తెలిసినట్టు, ఆ గీతలు ఒక సంగతి తేల్చి చెప్పాయి. నక్షత్రం వయసు కోట్ల ఏళ్లు, మూలకం ఆయువు లక్షల ఏళ్లు. అంటే దాన్ని నక్షత్రమే, తన కడుపులో, ఇటీవలే వండి ఉండాలి. మూలకాలన్నీ విశ్వం పుట్టిన తొలి నిమిషాల్లోనే తయారయ్యాయన్న జార్జ్ గామోవ్ వాదనకు అప్పట్లో మంచి పలుకుబడి ఉండేది. లెక్కల కంటే గట్టి జవాబు ఈ నాలుగు గీతలే ఇచ్చాయనిపిస్తుంది.

ఎలా వండుతుందన్నది తర్వాతి ప్రశ్న. ఇనుము దాటాక కేంద్రకాలు కలిస్తే శక్తి రాదు. పైగా ధనావేశాలు ఒకదాన్నొకటి నెట్టేస్తాయి. ఆవేశం లేని న్యూట్రాన్‌కు ఆ అడ్డు లేదు. న్యూట్రాన్లు ఎక్కడినుంచి వస్తాయో కెనడాలో పనిచేస్తున్న అలిస్టర్ కామెరాన్ 1955లో చూపాడు: కార్బన్-13ను హీలియం కేంద్రకం ఢీకొంటే ఆక్సిజన్-16తో పాటు ఒక న్యూట్రాన్ బయటపడుతుంది. 1957లో మార్గరెట్ బర్బిడ్జ్, జెఫ్రీ బర్బిడ్జ్, విలియం ఫౌలర్, ఫ్రెడ్ హాయిల్ రాసిన వంద పేజీల పైచిలుకు వ్యాసం మొత్తం పద్ధతిని అల్లింది. ఇనుప కేంద్రకం ఒక న్యూట్రాన్‌ను మింగుతుంది. అస్థిరమైతే, మరొకటి తగిలేలోపు ఎలక్ట్రాన్‌ను వదిలి పక్క మూలకంగా మారుతుంది. అలా ఒక్కో మెట్టే ఎక్కి స్ట్రాన్షియం, జిర్కోనియం, బేరియం, చివరికి సీసం, బిస్మత్ దాకా. ఒక్కో మెట్టుకు ఏళ్లు, ఒక్కోసారి వేల ఏళ్లు. బంగారం, యురేనియంలలో అధిక భాగానికి ఈ నెమ్మది పనికిరాదు, వాటికి క్షణాల్లో న్యూట్రాన్ల వాన కురవాలి.

 

ఈ నెమ్మది వంట సాగేది మెరిల్ చూసినలాంటి, వయసు మళ్లిన రాక్షస నక్షత్రాల్లో. వాటిలో హీలియం పొర ఆగి ఆగి భగ్గుమంటుంది. ఆ కుదుపుల తర్వాత పైపొరల మరుగు లోతుకు దిగి, వండిన సరుకును ఉపరితలానికి తోడుతుంది. మెరిల్ చూసింది ఆ తోడిన సరుకునే. అక్కడినుంచి అది ధూళిగా అంతరిక్షంలోకి పోతుంది. 1969లో ఆస్ట్రేలియాలోని మర్చిసన్‌లో పడిన ఉల్కలో సూర్యుడికంటే ముందు పుట్టిన సిలికాన్ కార్బైడ్ రేణువులు దొరికాయి. వాటిలో రుథేనియం-99 లెక్కకు మించి ఉందని 2004లో తేలింది. టెక్నీషియం-99 క్షీణిస్తే మిగిలేది అదే.